కుర్చీ ఎత్తు

ద్వారక, న్యూఢిల్లీ
11 ఫిబ్రవరి 2007

ప్రియమైన ఫ్లోరా అత్తకి, కెరెన్ వందనాలు.

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ? గట్టిగా చెప్పవే" అని అరుస్తావు. నేను అంతకంటే గట్టిగా అరుస్తాను. పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చి "బేటా, సబ్ ఠీక్ హై నా?" అని తలుపు కొడుతుంది. అందుకే ఉత్తరం. నాకు తెలుగు రాయడం నేర్పింది నువ్వే కాబట్టి, ఇందులో తప్పులుంటే ఆ పాపం నీదే.

కొత్త జెట్ మీదకి మారాక బాగానే ఉన్నాను. యాభై మంది పట్టే చిన్న జెట్ ఇది. మేమంతా రెక్కలకి పంకాలు తిరిగే పాత విమానం నుంచి దీని మీదకి వచ్చినవాళ్ళమే. గాల్లో ఉన్నంతసేపూ బంగారం. గొడవంతా దించేటప్పుడే. పాత విమానం ఇంజన్ తగ్గించగానే చెప్పినచోట కూర్చునేది. ఇది అలా కాదు. ముక్కు కిందకి వేలాడేసుకుని దిగొస్తుంది. నేల దగ్గరపడ్డాక ముక్కు మనం ఎత్తాలి. తొందరపడి ఎత్తామా, రన్‌వే మీద తేలుతూ పోతుంది. ఆలస్యమైందా, ధబ్బున పడుతుంది. ఆ కాసేపట్లో నీ కళ్ళు ఎంత ఎత్తులో ఉన్నాయి, నీకు రన్‌వే ఎంత కనపడుతోంది అన్నదే ముఖ్యం.

అందుకే ముందు అద్దాల మధ్య కమ్మీకి గోళీలంత బంతులు బిగించారు. కుర్చీ పైకీ కిందకీ జరుపుకుంటూ చూస్తే, ఒక ఎత్తులో ఎర్ర బంతి సరిగ్గా తెల్ల బంతి వెనక దాక్కుంటుంది. కుర్చీ అక్కడ ఆపాలి. నేను అక్కడ ఆపితే కాళ్ళు పెడల్స్‌కి చాలవు! పెడల్స్ పూర్తిగా దగ్గరికి లాక్కుని, వీపు వెనక దిండు పెట్టుకుంటే అప్పుడు అందుతాయి. ఆరడుగుల వాళ్ళది ఇంకో అవస్థ. బంతుల ఎత్తుకి లేస్తే వాళ్ళ మోకాళ్ళు చేతి చక్రానికి తగులుతాయి, అది పూర్తిగా తిరగదు. అందుకని మా పెద్ద కెప్టెన్లు కుర్చీ బాగా దించేసుకుని, ఆదివారం పేపర్ చదువుకునే తాతయ్యల్లా కూర్చుంటారు. ముక్కు ఎత్తగానే వాళ్ళకి రన్‌వే సగం మాయం. ఇక అలవాటు మీద దించేయడమే.

కంపెనీ ఇలాంటివి ఇంకా కొంటుందట. కొనేముందు పైలట్లందరినీ అభిప్రాయం రాయమన్నారు. కాక్‌పిట్ అమరిక ఎలా ఉంది, దించేటప్పుడు విమానం మాట వింటోందా అని. ఇప్పుడు చెబితే కొత్తవాటిలో కుర్చీ, పెడల్స్ మార్చి చేసిస్తారు. పేరు రాసి సంతకం పెట్టాలి. నా సంగతి రాస్తే పొట్టిదాన్నని నేనే చాటింపు వేసుకున్నట్టు. వాళ్ళ సంగతి రాస్తే పెద్దవాళ్ళ మీద వేలు చూపినట్టు. ఏం చెయ్యమంటావు?

నీ
కెరెన్


పాలకొల్లు
20 ఫిబ్రవరి 2007

ఒసే కెరెనూ,

ఏం చెయ్యమంటావు అని నన్నా అడుగుతున్నావు? నన్ను?

ఢిల్లీ ఆస్పత్రిలో నేను ఓటీ సిస్టర్‌గా ఉన్నప్పుడు ఓ పెద్ద సర్జన్ ఉండేవాడు, తాటిచెట్టంత మనిషి. ఆపరేషన్ బల్ల తన ఎత్తుకి లేపించుకునేవాడు. నేను చేతులు పైకెత్తి కత్తెర అందించాలి. పీట వేయించండి సార్ అంటే, "పొడుగు సిస్టర్ని పంపమనండి" అన్నాడు అందరి ముందూ. నేను గ్లవ్స్ తీసి బకెట్లో పడేసి, బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. రోగికి ఇంకా మత్తు ఇవ్వలేదులే, కంగారుపడకు. పొడుగు సిస్టర్ దొరకలేదు. పీట వచ్చింది. ఆ తరవాత ఆ ఓటీలో నాలాంటి వాళ్ళందరూ ఆ పీట మీదే నిలబడ్డారు.

రెండూ రాయి. నీ కాళ్ళ సంగతీ రాయి, వాళ్ళ మోకాళ్ళ సంగతీ రాయి. పొట్టిగా పుట్టడం నువ్వు చేసిన నేరమా? మీ నాన్న వైపు అందరం ఇంతే. వెనకాల కూర్చున్న యాభై మందికి నువ్వెంత పొడుగో అక్కర్లేదు, నీకు నేల కనపడిందా లేదా అన్నదే కావాలి.

ఇక్కడ మా మిషన్ ఆస్పత్రిలో కొత్త బ్యాచ్ నర్సింగ్ పిల్లలు చేరారు. సూపరింటెండెంట్ అంటే పులి అనుకుంటున్నారు. అనుకోనీ. గోంగూర పచ్చడి పంపుతున్నాను, ఆ ఆంటీకి కూడా కాస్త పెట్టు.

ప్రభువు నీకు తోడైయుండును గాక.

మీ అత్త
ఫ్లోరా


ద్వారక
18 మార్చి 2007

అత్తా,

రాశాను. రెండూ రాశాను. "బంతుల ఎత్తుకి కూర్చుంటే నా కాళ్ళు చాలవు. పొడుగు వాళ్ళు బంతుల ఎత్తుకి కూర్చోలేరు, అందుకే కూర్చోవడం లేదు. ఈ కాక్‌పిట్ మధ్యరకం మనిషికి తప్ప ఎవరికీ కుదరదు. కొనేముందు మార్పించండి" అని రాసి సంతకం పెట్టాను.

మిగతావాళ్ళు ఏం రాశారో తెలుసా? "చాలా బాగుంది." అందరూ! టీ బండి దగ్గర వినాలి వీళ్ళ మాటలు. ఒకడు ఇది దిగడం లేదు, బస్తాలా పడుతోందంటాడు. ఇంకొకడు దిశ మార్చే బటన్ అందుకోవాలంటే నడుం విరుగుతోందంటాడు. పొద్దున నలుగురి ముందు తిట్టి, మధ్యాహ్నం ఆఫీసుకెళ్ళి బ్రహ్మాండం అని రాసొచ్చారు. నాతోపాటు చేరిన క్రాంతి, వరంగల్ అబ్బాయి, వాడు నాకంటే అడుగు పొడుగు, వాణ్ణి నిలదీశాను. "ఎవలు మొత్తుకోవాలె కెరెన్? నేనైతే మంచిగుంది అని రాసిన. నువ్వు గూడ గట్లనే రాస్తే అయిపోతుండె" అన్నాడు. నీ మోకాళ్ళు తగలట్లేదా అంటే నవ్వి, "తగుల్తున్నయ్. నాయే గద" అన్నాడు.

నిన్న మా ట్రైనింగ్ హెడ్ కెప్టెన్ సదాశివరావు గారు పిలిచారు. నీకు తెలుసు ఆయన. వసంత్ కుంజ్‌లో ఉంటారు, వాళ్ళమ్మగారు మీ ఢిల్లీ ఆస్పత్రిలో ఉన్నప్పుడు నువ్వే దగ్గరుండి చూసుకున్నావు. నన్ను ఈ కంపెనీలోకి రమ్మన్నదీ ఆయనే. నా కాయితం ముందు పెట్టుకుని, "అమ్మా కెరెన్, విమానం పొట్టిది కాదు, నువ్వు పొట్టిదానివి. ఇంకోళ్ళ కుర్చీ గురించి నీకెందుకు?" అన్నారు. కుర్చీ వాళ్ళది కావచ్చు, విమానం అందరిదీ కదా సార్ అన్నాను. అంతే, ముఖం మారిపోయింది. నా కాళ్ళ పొడవు మళ్ళీ కొలిపించమని ఆర్డర్ వేశారు. తను మళ్ళీ చెప్పేదాకా నేను దించకూడదట. పక్కన కూర్చుని రేడియో మాట్లాడొచ్చు, దించడం మాత్రం కెప్టెన్లే.

ఒళ్ళు మండిపోతోంది. కానీ నువ్వేం బెంగపెట్టుకోకు, ఇంతకుమించి ఏమీ లేదు. ఆంటీ పచ్చడి సీసా మొత్తం పట్టుకుపోయింది.

కెరెన్


పాలకొల్లు
2 ఏప్రిల్ 2007

కెరెన్ తల్లికి,

నీ ఉత్తరం చదివాను. ఆలోచించి ఆలోచించి రాస్తున్నాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

ఆ కాయితం వెనక్కి తీసుకో అమ్మా. తప్పు రాశావని కాదు. నువ్వు చెప్పాల్సింది చెప్పావు, వాళ్ళు విన్నారు, ఇక చాలు. సదాశివరావు గారు చెడ్డవాడు కాదు. వాళ్ళమ్మ మంచం పక్కన నేల మీద పడుకున్న మనిషి. నీ మీద అభిమానం లేకపోతే కమాండ్ లిస్టులో నీ పేరు ముందు పెడతాడా? ఈ ఏడే కెప్టెన్ అవ్వాల్సిన పిల్లవి. నాలుగు గీతలు భుజాన వేసుకున్నాక అప్పుడు మాట్లాడు, అప్పుడు ఇంకా గట్టిగా వినపడుతుంది. ఇప్పుడు ఒక్క మాట, "పొరపాటున రాశాను" అంటే పోయేదేముంది?

నా మాట విను. మన ఇంట్లో విమానం నడిపింది నువ్వొక్కదానివే. అది చేజారితే నేను తట్టుకోలేను.

మీ అత్త
ఫ్లోరా


ద్వారక
27 మే 2007

అత్తా,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదు. తీరిక లేక కాదు, కోపమొచ్చి.

కమాండ్ లిస్టులో నా పేరుందని నేను నీకు రాయలేదు. ఈ ఏడే కెప్టెన్‌ని అవుతానని కూడా రాయలేదు. పోతే నీ గుండె ఆగుతుందని కావాలనే దాచాను. మరి నీకెవరు చెప్పారు? ఆయనే ఫోన్ చేశాడు కదూ. నేను ఫోన్ చేస్తే వినపడదు గానీ, ఆయన మాటలు మాత్రం చక్కగా వినపడ్డాయన్నమాట! గ్లవ్స్ బకెట్లో పడేసిన ఫ్లోరా సిస్టర్ ఎక్కడికి పోయింది? నాకు ఆవిడ కావాలి. ఆయన మాటలు నీ చేతిరాతలో నాకొద్దు.

సరే, జరిగింది చెప్తాను విను. ముందు కాళ్ళు కొలిచారు. రూలుకి సరిపోయాయి, డాక్టరు సంతకం పెట్టాడు. ఆ కాయితం తీసుకెళ్ళి ఇస్తే, "ఠీక్ హై, చూద్దాం" అన్నారు సదాశివరావు గారు. చూడటం అయ్యేలోపు మొన్న శుక్రవారం నాకు ఆయనతోనే లక్నో డ్యూటీ పడింది.

తిరిగొచ్చేటప్పటికి ఢిల్లీ మీద ఆంధీ. మేలో ఇక్కడి దుమ్ముగాలి నీకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నమే చీకటి పడినట్టుంది. గాలి రన్‌వేకి అడ్డంగా కొడుతోంది. ఆయనే దించుతున్నారు, కుర్చీ ఎప్పటిలా కిందకి దింపుకుని. ముక్కు ఎత్తారు. ఆ క్షణాన ఆయనకి రన్‌వే కనపడటం మానేసిందని నాకు తెలిసిపోయింది, మెడ చాచి వెతుకుతున్నారు. విమానం తేలుతూ పోతోంది. చక్రాలు ఆనాల్సిన గీతలు దాటిపోయాం, ఇంకా గాల్లోనే ఉన్నాం. "గో అరౌండ్" అన్నాను. దించడం ఆపి మళ్ళీ పైకి లేపమని. ఇద్దరిలో ఎవరు ఆ మాటన్నా రెండోవాళ్ళు లేపాల్సిందే, అది మా రూలు. లేపారు. అది ఆయన మంచితనమే, కాదనను.

రెండోసారి వచ్చేముందు ఆయన కుర్చీ పైకి జరుపుకున్నారు. బంతుల ఎత్తుకి! అత్తా, ఆయన బంతుల వైపు చూడటం నేను చూడటం అదే మొదలు. రన్‌వే వైపు తిరిగాక గాలికి చక్రం తిప్పబోతే అది మోకాలికి కొట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ తిప్పారు, మళ్ళీ ఆగింది. అప్పుడు నా వైపు చూడకుండానే, "నువ్వు తీసుకో" అన్నారు.

తీసుకున్నాను. దిండు వెనక పెట్టుకుని, మడమ నేల మీంచి లేపి పెడల్ చివరంటా తొక్కి దించాను. మెత్తగా ఏం కాదులే, గట్టిగానే తగిలింది. కానీ గీతల మీదే తగిలింది. భయమేసిందా అంటే వేసింది.

అసలు సంగతి ఇప్పుడు. ప్రతి ప్రయాణం అయ్యాక రికార్డులో ఎవరు దించారో ఒక గడిలో రాయాలి. ఆయన పెన్ను తీసి తన పేరు రాయబోయారు. "సార్, నేను కదా దించాను" అన్నాను. "నువ్వు దించకూడదని ఆర్డర్ ఉంది. నీ పేరు రాస్తే నువ్వే ఇరుక్కుంటావు. నీ మంచికే చెప్తున్నా" అన్నారు. నా మంచికా? నా పేరు రాస్తే ఆయన ఎందుకు ఇచ్చారో చెప్పాలి. ఎందుకు ఇచ్చారో చెబితే నా కాయితం నిజమని ఒప్పుకోవాలి. అదీ ఆయన బాధ. నేను రికార్డు నా వైపు లాక్కుని నా పేరు రాశాను. ఆయన దాన్ని కొట్టేసి తన పేరు రాశారు. నేను పక్కనే మళ్ళీ నా పేరు రాశాను. ఇద్దరు పెద్ద మనుషులం, బడి పిల్లల్లా.

ఇప్పుడు మా ఇద్దర్నీ విచారణకి పిలుస్తారు. తన పేరు ఉండనిస్తే కమాండ్ నాదేనని నిన్న క్రాంతితో కబురంపారు. ఉండనివ్వను. నన్ను ఆపడానికి ఉత్తరం రాసేట్టయితే రాయకు.

కెరెన్


పాలకొల్లు
6 జూన్ 2007

కెరెనూ,

అవును, ఫోన్ చేశాడు. "సిస్టర్ గారూ, పిల్ల భవిష్యత్తు పాడైపోతుంది, మీరు చెబితే వింటుంది" అన్నాడు. భయపడ్డాను. నా మీదకి వస్తే కొట్లాడతాను గానీ, నీ మీదకి వచ్చేసరికి నా వల్ల కాలేదు. అందుకే అలా రాశాను. నువ్వు తిట్టావు, బాగా అయింది.

నిన్న మళ్ళీ చేశాడు. వార్డులో ఉన్నాను, నా నర్సింగ్ పిల్లలందరూ చుట్టూ ఉన్నారు. ఆ గడి గురించి నీకు నచ్చజెప్పమన్నాడు. నేను ఒకటే అడిగాను. "నా మేనకోడలు దించిందా, మీరు దించారా?" అని. "అది కాదు సిస్టర్..." అన్నాడు. "అదే. ఎవరు దించారు?" "సిస్టర్, పరిస్థితి ఎలాంటిదంటే..." "బాబూ, మీ అమ్మగారికి ఏ మందు ఎవరిచ్చారో చార్టులో రాసేదాన్ని. నేనిచ్చింది నేనిచ్చానని, ఇంకొకరిచ్చింది ఇంకొకరిచ్చారని. డాక్టరు మొహమాటపెట్టాడని మార్చి రాసుంటే మీ అమ్మ ఇంటికొచ్చేదా? ఇక నాకు ఫోన్ చెయ్యకు" అని పెట్టేశాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఈసారి నిజంగానే పులి అనుకుని ఉంటారు.

కమాండ్ పోతే పోనీ. నీకు అన్నం పెట్టలేనంత ముసలిదాన్ని కాలేదు. భయం లేదని మాత్రం అనను, రోజూ మోకాళ్ళ మీదే ఉంటున్నాను. ప్రార్థన నేను చేసుకుంటాను, నువ్వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పు. తల వంచుకుని మాత్రం చెప్పకు.

అత్త


ద్వారక
15 జూలై 2007

అత్తా, అత్తా, అత్తా,

ముందు చెడ్డ కబురు. కమాండ్ లిస్టు వచ్చింది, నా పేరు లేదు. ఆర్డర్ ఉండగా దించానట, అందుకని ఈ ఏడు లేదు. నాకు విమానం ఇచ్చిన ఆయనకి ఏమీ కాలేదు, తీసుకున్న నాకు శిక్ష. ఒక పూట తలుపేసుకుని ఏడ్చాను. ఆంటీ ఖీర్ పట్టుకొచ్చింది. తిన్నాను, మళ్ళీ ఏడ్చాను, ఇక చాలనిపించింది.

విచారణ సంగతి చెప్పనీ. ఆపరేషన్స్ డైరెక్టర్, ఢిల్లీ మనిషి, తెలుగు రాదు, బల్లకి అవతల కూర్చున్నారు. సదాశివరావు గారు నా పక్కనే. గోడ వెంట కుర్చీల్లో మిగతా పైలట్లు, వినాలని వచ్చినవాళ్ళు. క్రాంతి తలుపు దగ్గర. "ఎవరు దించారు?" అని అడిగారు డైరెక్టర్. సదాశివరావు గారు గొంతు సవరించుకుని, "నేనే" అన్నారు.

నాకు అరవాలనిపించింది. అరవలేదు. ఆయన వైపు తిరిగి, "సార్, అయితే రెండోసారి మీ కుర్చీ ఎక్కడుంది?" అని అడిగాను.

డైరెక్టర్‌కి అర్థం కాలేదు గానీ గోడ వెంట కూర్చున్న ప్రతి పైలట్‌కీ అర్థమైంది. కుర్చీ కిందే ఉందంటే, మొదటిసారి కనపడని రన్‌వే రెండోసారి ఎలా కనపడిందో చెప్పాలి. బంతుల ఎత్తులో ఉందంటే, ఆ మోకాలితో చక్రం ఎలా తిప్పారో చెప్పాలి. ఆయన మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నారు. "ఆవిడే దించింది. నేను దించలేకపోయాను, ఇచ్చాను" అన్నారు. నాకు జాలేసింది. అబద్ధం చెప్పను, కొంచెమే వేసింది.

డైరెక్టర్ నా పాత కాయితం తీసి, దాని పక్కన ఖాళీ కాయితం ఒకటి పెట్టారు. "మేడమ్, ఇంకోసారి ఆలోచించుకోండి. లిస్టు ఇంకా టైపు కాలేదు. మీ అభిప్రాయం కొత్తగా రాసివ్వండి, పాతది చింపేస్తాను" అన్నారు. ఎంత మర్యాదగా అన్నారో! నేను అక్కడే, ఆయన ముందే రాశాను. పాత మాటలే, అక్షరం మార్చకుండా. కింద ఒక్క వాక్యం కలిపాను. "ఇది ఆంధీలో దించి చూసి రాస్తున్నది." సంతకం పెట్టి బల్ల మీద తోశాను. లిస్టు ఆ క్షణానే టైపయిపోయిందనుకో.

పెన్ను బ్యాగులో పెట్టుకుంటూ లేచాను. తలుపు దగ్గర క్రాంతి అడ్డంగా నిలబడి ఉన్నాడు, కదలడు. వాడి ముఖం ఎర్రగా ఉంది. నా వైపు కాదు, నా భుజం మీంచి డైరెక్టర్ వైపు చూస్తూ, "సార్, నా కాయితం గూడ వాపస్ ఇయ్యుండ్రి. నేను అబద్ధం రాసిన" అన్నాడు తెలుగులోనే, ఆయనకి అర్థం కాదని కూడా మర్చిపోయి. తరవాత నా ముందుకి చెయ్యి చాచాడు.

"నీ పెన్ను ఇయ్యి, కెరెన్."

నా వెనకాల గోడ వెంట, ఇంకో ఇద్దరు లేస్తుంటే కుర్చీలు చప్పుడు చేశాయి.

నీ
కెరెన్